సుందరమ్మ నెత్తురు

నాగమణమ్మ పడిపోగానే సూపర్‌వైజర్ నగేష్ చేసిన మొదటి పని ఆమె కాళ్లకున్న రబ్బరు బూట్లు లాగెయ్యడం. తర్వాత చేతి తొడుగులు లాగాడు. తర్వాత నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ గుడ్డ విప్పి మూలకు విసిరాడు. మొహం మీద ఇన్ని నీళ్లు మాత్రం చల్లలేదు. ఆమె ఒళ్లు పెనంలా కాలిపోతోందని పక్కనే డ్రమ్ము తోముతున్న మహేశ్వరికి పొద్దుటి నుంచీ తెలుసు. చెప్తే కూలి పోతుందని నాగమణమ్మే నోరు నొక్కింది.

"ఆటోల ఏస్కొని సర్కారు దవాఖానకు తీస్కపో" అన్నాడు నగేష్, మహేశ్వరి వైపు చూసి. "యాడ పనిజేస్తదని అడిగితే ఇంట్లనే ఉంటదని జెప్పు. షెడ్డు పేరు బయటికొచ్చిందనుకో, రేపటి సంది నీకు గేటు బంద్."

ఆ షెడ్డు ఉప్పుగూడ రైలు పట్టాల పక్కన ఉంటుంది. యజమాని వెంకటనారాయణ సేటు. ఊరవతల మందుల ఫ్యాక్టరీలలో ఖాళీ అయిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు లారీల్లో ఇక్కడికి వస్తాయి. అడుగున తెల్లటి పొడో, పసుపుపచ్చని జిగురో అంటుకుని ఉంటుంది. ఇరవై ఇద్దరు ఆడవాళ్లు వాటిలోకి నడుం దాకా వంగి, ఊపిరి బిగబట్టి తోముతారు. తోమిన నీళ్లు పక్కనున్న మురికికాలువలోకి, నాలాలోకి పోతాయి. తోమిన డ్రమ్ములు బజారుకి పోతాయి. పాతబస్తీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. డ్రమ్ము లేని ఇల్లు ఉండదు. సేటుకు రెండు చేతులా వ్యాపారం. పారేసేవాడి దగ్గరా లాభమే, కొనుక్కునేవాడి దగ్గరా లాభమే.

దవాఖానలో నాగమణమ్మ మొగుడు శివయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హమాలీ మనిషి, బస్తాలు మోసే భుజాలు, ఆ రోజు ఒక్క మాటకు కూడా బలం లేదు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి మొహం చిట్లించింది.

"ఈమె ఇంతకుముందు ఏ మందులు వాడింది? మేం ఇచ్చే యాంటీబయాటిక్ ఏదీ పనిచెయ్యట్లేదు. ఒంట్లో క్రిములు అన్నిటికీ ఎప్పుడో అలవాటు పడిపోయినట్టున్నాయి."

"గోలీ ఎర్గదమ్మా మా ఇంటిది" అన్నాడు శివయ్య.

"మరి ఎక్కడ పనిచేస్తుంది?"

శివయ్య మహేశ్వరి వైపు చూశాడు. మహేశ్వరి నేల వైపు చూసింది. ఆమెకు గేటు కనపడింది, తాళం కనపడింది, సేటు సందులోనే సేటు ఇచ్చిన కిరాయి గది కనపడింది.

"ఇంట్లనే ఉంటది మేడమ్" అంది.

భయపడ్డవాళ్లను చూసి నవ్వడం సులువు. కడుపు నిండినవాళ్లకు మరీ సులువు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక, నాగమణమ్మకు డ్రమ్ముల మందే పట్టుకుందేమో తేల్చుకుందామని డానియేలు ఇంటి ముందు గదిలో మీటింగు. డానియేలు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైనవాడు. పట్టాల మీద సుత్తి, యూనియన్‌లో గొంతు, రెండూ అరిగేదాకా వాడినవాడు. తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టారు. పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. నాగమణమ్మ దవాఖానలో ఉంది, మిగతా పది మంది రాలేదు. వాళ్లలో ఒకరు సేటుకు చేరవేస్తారని అందరికీ అనుమానం, ఎవరన్నది ఎవరికీ తెలియదు. అందుకే గుసగుసలే.

మహేశ్వరితో పాటు ఆమె అత్త సుందరమ్మ కూడా వచ్చి కూచుంది. పిలవకపోయినా వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, నోటికి తాళం లేదు.

డానియేలు కూతురు రూప యూనివర్సిటీ ల్యాబులో పనిచేస్తుంది. ఒక చిన్న గాజు గొట్టంలో నాలా నీళ్లు పోసి, అందులో నాలుగు చుక్కలు నల్లటి ద్రవం వేసి ఊపింది. నీళ్లు సిరాలా నల్లబడ్డాయి.

"ఇది ఇనుమక్కా. ఎంత సన్నగ రుబ్బినా గింత సన్నగ గాదు, మనిషి ఎంటిక్కన్న వేల వంతులు సన్నం. ఒక్కో రేణువుకు ఒక పూత ఉంటది. ఆ పూతకు డ్రమ్ముల మందు తగిలితే అతుక్కపోతది, మల్ల ఇడువది."

"తర్వాత గా దుమ్మును నీళ్లల్లకెల్లి ఎట్ల తీస్తవే?" అంది సుందరమ్మ.

రూప గొట్టం పక్కన అయస్కాంతం ఆనించింది. నలుపంతా కదిలి, ఒక్క గోడకు చేరి, అక్కడే నిలిచింది. మిగతా నీళ్లు తేరుకున్నాయి.

"దర్జీ కింద పడ్డ సూదులు ఏరుకున్నట్టు!" అంది సుందరమ్మ.

"గంతే అవ్వా. నీళ్లు పారబోస్త. గోడకున్నది ల్యాబుకు తీస్కపోత. మిషిను ఎంత మందుందో నంబరు చెప్తది. మున్సిపాలిటీ ట్యాంకుల ఒక్క గోలీ కరిగినా పట్టుకుంటది. నెత్తుట్ల ఉన్నా పట్టుకుంటది."

నెత్తురు అనగానే ముగ్గురు లేచారు.

"నాతోని గాదమ్మా" అంది ఒకామె. "రేపు సేటు చెయ్యి జూపియ్యమంటడు. సూది మచ్చ కనవడితే?"

"నాగమణమ్మ సచ్చిపోతుంది, నీకు సూది మచ్చ ఫికరా?" అని ఇంకొకామె లేచింది.

"నాగమణమ్మ పోతె నీ పోరగాండ్లకు బువ్వ ఎవడు వెడ్తడే?"

లొల్లి మొదలైంది, అదీ గుసగుసల్లోనే. గొంతు పెంచకుండా తిట్టుకోవడం చూడాలంటే భయపడ్డవాళ్ల మీటింగుకు వెళ్లాలి. డానియేలు చెయ్యెత్తాడు.

"ఒక్క మాట ఇనుండ్రి బిడ్డా. సేటు కాడ లారీ ఉన్నది, తాళం ఉన్నది, వకీలున్నడు. మన కాడ ఏమున్నది? ఆయన పాపం మన ఒంట్లనే ఉన్నది. సాక్ష్యం జేబుల వెట్టుకోని భయపడుతున్నరు మీరు."

చివరికి ఏడుగురు చేతులు చాపారు. రూప వెంట వచ్చిన నర్సు సూది గుచ్చింది. పేర్లు రాయలేదు, నంబర్లే రాశారు. మహేశ్వరిది ఏడు. సూది గుచ్చేటప్పుడు ఆమె కళ్లు తలుపు గడియ మీదే ఉన్నాయి.

"పోల్చి చూడనీకి షెడ్డు మొకం జూడని మనిషి ఒకరు గావాలె" అంది రూప. "వాళ్ల నెత్తుట్ల మందు ఉండొద్దు. అప్పుడే మీ నెత్తుట్లది షెడ్డుదని రుజువైతది."

"నాది తీస్కో" అంది సుందరమ్మ, చెయ్యి ముందుకు తోసి. "గా షెడ్డు గేటు ఎట్లుంటదో నాకెరుక లేదు. దవాఖాన మెట్టెక్కి ఇరవై ఏండ్లాయె. నాది అసల్ నెత్తురు."

అందరికీ నవ్వొచ్చింది. ఆ రోజు మీటింగులో నవ్వింది ఆ ఒక్కసారే. ఎనిమిదో నంబరు సుందరమ్మది.

పన్నెండు రోజులకు కాలుష్యం ఆఫీసరు షెడ్డుకు వచ్చాడు. డానియేలు ఇచ్చిన అర్జీ, రూప తెచ్చిన కాగితాలు ఆయన ముందు ఉన్నాయి. ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టారు. సేటు తెల్లచొక్కాలో కుర్చీ మీద కూచున్నాడు.

"వీళ్లను నా బిడ్డల్లెక్క చూసుకుంట సార్. పండుగలకు పబ్బాలకు పెట్టి పంపుత. ఎవరో సదువుకున్న పిల్ల వచ్చి వీళ్ల మనసు ఖరాబు చేసింది."

ఆఫీసరు కాగితం చదివాడు. ఏడు నంబర్లలోనూ మందు ఉంది. ఆఫీసరు వేలు ఎనిమిది దగ్గర ఆగింది.

"ఈ ఎనిమిది నంబరావిడ షెడ్డులో పనిచెయ్యదని రాశారు. ఈమె రక్తంలో కూడా అదే మందు ఉంది కదమ్మా?"

రూప మొహం పాలిపోయింది. ఆ ఫలితం ఆమెకు ముందే తెలుసు. దాచిపెట్టలేదు, అబద్ధం రాయలేదు, కారణం మాత్రం చెప్పలేకపోయింది.

"అవును సార్. ఎందుకో ఇంకా తెలియదు. నాకు ఇంకొంచెం టైం గావాలె."

"షెడ్డుకు రాని ముసలామెలో కూడా ఉంటే, మీ పరీక్ష తప్పన్నా కావాలి, మందు ఇంకెక్కణ్నుంచో అన్నా రావాలి. ఏదైనా ఈ షెడ్డు మీద నేను చర్య తీసుకోలేను."

సేటు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వరసలో ఉన్న ఒక్కొక్కరి మోచేతి మడత వైపు నెమ్మదిగా చూసుకుంటూ పోయాడు. తన వంతు రాగానే మహేశ్వరి మోచేతి మీద కొంగు కప్పుకుంది. కప్పుకోవడంతోనే దొరికిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు ఎల్లేష్ గడప మీద కూచుని ఉన్నాడు. సేటు ట్రాలీ ఆటోలో డ్రమ్ములు వేసుకుని మాదన్నపేట, జహనుమా గల్లీలన్నీ తిరిగి అమ్మేది అతనే.

"నగేష్ ఫోన్ జేసిండు. నీ పని బంద్. నా ట్రాలీ చాబీ రేపు గుంజుకుంటరట. గది ఖాళీ చెయ్యాల్నట. సంబురమైందా? ఎవలు జెయ్యమన్నరే నిన్ను లీడర్‌గిరీ?"

"నేను లీడర్ని గాదు. నాకు మస్తు భయమైతుంది" అంది మహేశ్వరి. అది నిజం. గోడ పట్టుకుని కూచుంది.

సుందరమ్మ కోడలి వాలకం చూసి లేచింది. మూలనున్న నీలం డ్రమ్ము మూత తీసి, చెంబు ముంచి, నీళ్లు తెచ్చి ఇచ్చింది. "ముందు నీళ్లు తాగు బిడ్డా. ఏమైతదో అయితది."

చెంబు పెదవుల దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

ఆ డ్రమ్ము రెండేళ్ల కిందట దసరాకు సేటు ఇచ్చింది. ఇరవై ఇద్దరికీ ఇచ్చాడు. తమ చేతులతో తోమిన వాటిలోంచే మంచివి ఏరుకొమ్మన్నాడు. మహేశ్వరి అన్నిటికన్నా మెరుపున్నది ఏరుకుంది, మూడుసార్లు సబ్బుతో కడిగింది, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి నల్లా నీళ్లు పట్టింది. షెడ్డులో పనివాళ్లు దొంగచాటుగా కాదు, గర్వంగా తెచ్చుకున్న సొత్తు అది. బీరువా లేని ఇళ్లలో అదే బీరువా. రెండేళ్లుగా రోజంతా ఇంట్లో ఉండి, ఆ నీళ్లు అందరికన్నా ఎక్కువ తాగింది సుందరమ్మ.

ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుందని, ఎండకూ నీళ్లకూ మళ్లీ కొంచెం కొంచెంగా వదులుతుందని మహేశ్వరికి ఎవరూ చెప్పలేదు. కానీ డ్రమ్ములు తోమిన చేతులవి. ఎంత తోమినా రెండో రోజుకు అడుగున మళ్లీ అదే చేదు వాసన వస్తుందని ఆ చేతులకు తెలుసు.

ఆమె చెంబు కింద పెట్టింది. చెప్పడానికి ధైర్యం లేదు. చెప్తే ఏం చెప్పాలి? "అత్తమ్మా, నీకు విషం నేనే తెచ్చిపెట్టిన" అనా? "ఎల్లేష్, నువ్వు మాదన్నపేట నిండ ఇదే అమ్మినవు" అనా? ఆ సాయంత్రం, ఆ మర్నాడు నోరు మూసుకునే ఉంది. అత్తకు మాత్రం నల్లా దగ్గర పట్టిన బిందె నీళ్లు ఇచ్చింది. ఎందుకని అడిగితే "సల్లగుంటయ్" అంది.

మూడో రోజు పొద్దున నాగమణమ్మ శవం వచ్చింది.

సందంతా నిండిపోయింది. షెడ్డు ఆడవాళ్లు, మీటింగుకు రానివాళ్లతో సహా, మిగతా ఇరవై మందీ వచ్చారు. నగేష్ దూరంగా బండి మీద కూచుని ఎవరెవరు వచ్చారో చూస్తున్నాడు. శివయ్య గడప ముందు చెక్కబల్ల వేసి శవాన్ని పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. ఒకామె లోపలికి పోయి నీలం డ్రమ్ములో బకెట్ ముంచి తెచ్చింది.

"ఆ నీళ్లు పొయ్యకు!"

ఎవరు అరిచారా అని అందరూ చూశారు. మహేశ్వరి కూడా ఒక క్షణం అలాగే చూసింది. గొంతు తనదే.

"ఏందే? ఏమైంది?"

"పొయ్యకుండ్రి. గా డ్రమ్ముల నీళ్లు... గా నీళ్లల్లనే ఉన్నది మందు." ఏడుపు తన్నుకొస్తోంది. "మా అత్త షెడ్డుకు రాలే. షెడ్డే మా ఇంటికొచ్చింది. నేనే తెచ్చిన. బొట్టు వెట్టి తెచ్చిన. మీరు గూడ తెచ్చిండ్రు. మన అందరి ఇండ్లల్ల ఉన్నది."

బకెట్ పట్టుకున్నామె దాన్ని అక్కడే వదిలేసింది. నీళ్లు రాళ్ల మీద పారాయి. కాళ్లు తడవకుండా జనం వెనక్కి జరిగారు.

"షెడ్డు మాట నేను దవాఖానలనే జెప్పాల్సింది" అంది మహేశ్వరి, శివయ్య కాళ్ల దగ్గర కూలబడి. "యాడ పనిజేస్తదని డాక్టరమ్మ అడిగితే ఇంట్లనే ఉంటదన్న. తప్పైంది అన్నా."

శివయ్య వంగి ఆమెను లేవదీశాడు. తర్వాత అన్నాడు: "నేను గూడ పక్కకే ఉంటి గదమ్మా. నేనన్న జెప్తినా?"

"ఆపు!" ఎల్లేష్ జనాన్ని తోసుకుని వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నవో ఎరుకైతుందా? ఎన్ని అమ్మిన్నో తెలుసా నేను? మజ్బూత్ డ్రమ్, పానీ కా డ్రమ్, నీళ్ల డ్రమ్ము అని గల్లీ గల్లీ తిరిగి అమ్మిన. రేపు వాళ్లు వచ్చి నన్ను కొడ్తరు. సేటు ఏసీల కూసుంటడు, దెబ్బలు నాకు."

"కొడ్తరు" అంది సుందరమ్మ. ఆమె గొంతు ఆ రోజు మాత్రం మెల్లగా ఉంది. "కొట్టనియ్యిరా. కాని తాగనియ్యకు. రెండేండ్ల సంది తాగుతున్న నేను. నువ్వు గూడ తాగుతున్నవు కొడుకా."

ఆ మాట ఎల్లేష్‌కు అప్పటిదాకా తట్టనే లేదు.

నల్లా దగ్గర నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి నాగమణమ్మకు స్నానం చేయించారు. ఆ మధ్యాహ్నమే రూప వచ్చి సందులో ఇరవై ఆరు ఇళ్ల డ్రమ్ముల్లో నీళ్లు పట్టుకుపోయింది. సీసాల మీద ఈసారి నంబర్లు కాదు, పేర్లే రాయించారు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. షెడ్డు నుంచి వచ్చిన ఇరవై నాలుగింటిలో మందు ఉంది. దుకాణంలో కొన్న సరికొత్త డ్రమ్ములు రెండింటిలో లేదు. అంటే పరీక్ష తప్పు కాదు. పోల్చడానికి తెచ్చిన మనిషే షెడ్డు డ్రమ్ము నీళ్లు తాగిన మనిషి.

ఆ కాగితం చేతిలో ఉండగానే పోలీసులు రూపను తీసుకుపోయారు. అనుమతి లేకుండా జనం నెత్తురు తీసిందట, పుకార్లు పుట్టించిందట. ఫిర్యాదు ఇచ్చింది వెంకటనారాయణ సేటు. జనం నెత్తురు మీద సేటుకు ఎంత శ్రద్ధో చూడండి!

స్టేషను ముందుకు సందంతా కదిలింది. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. అందరూ భయపడుతూనే నడిచారు. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడిచారు. ఎల్లేష్ చివర్లో, ఎవరి మొహం చూడకుండా నడిచాడు.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, "గుంపుగా మాట్లాడితే నేను వినను. ఒక్కరు లోపలికి రండి" అన్నాడు.

ఎవరూ కదలలేదు. డానియేలు కదలబోతే మహేశ్వరి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు. కాళ్లు ఈడ్చుకుంటూ మెట్లెక్కింది. బల్ల ముందు నిలబడింది. కిటికీ బయట ఇరవై మొహాలు.

"పేరు?"

"మహేశ్వరి."

"ఎక్కడ పని?"

అదే ప్రశ్న. ఈసారి నేల వైపు చూడలేదు.

"వెంకటనారాయణ సేటు డ్రమ్ముల షెడ్డుల. ఆరేండ్ల సంది. నాగమణమ్మ గూడ ఆడనే జేసింది. ఆడనే పడిపోయింది. రూప సూది బలవంతంగ గుచ్చలే. నేనే చెయ్యి జాపిన."

ఇన్‌స్పెక్టరు కలం దించి, గొంతు తగ్గించాడు. బెదిరించే మనిషి కాదు. తెలిసినవాడు చెప్పినట్టే చెప్పాడు.

"చూడమ్మా, ఇది రాస్తే నీకే నష్టం. డ్రమ్ములు కడిగింది నువ్వు. ఇంటికి తెచ్చింది నువ్వు. అమ్మింది నీ మొగుడు. ముందు మీరే ముద్దాయిలు అవుతారు. ఆలోచించుకో, ఇంటికి పో."

మహేశ్వరి కిటికీ వైపు చూసింది. ఎల్లేష్ కిటికీకి ఆనుకుని ఉన్నాడు, అంతా విన్నాడు. అతని మొహంలో రక్తం లేదు. పారిపోతాడేమో అనుకుంది. అతను కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మింది నేనే సారు" అన్నాడు బయటి నుంచి. "ఎవలెవలికి అమ్మిన్నో గల్లీలు చూపిస్త."

మహేశ్వరికి అప్పుడు ఏడుపొచ్చింది. కొంగుతో తుడుచుకుంది.

"రాయండి సారు. ఒకటో ముద్దాయి నేను. రెండు నా మొగడు. మూడు సేటు. మూడో పేరు రాసినంక నాకు సదివి వినిపియ్యండి. నాకు సదువు రాదు. వినకుంట ఈడికెల్లి కదల."

"నాలుగు నేను" అంది బయటి నుంచి సుందరమ్మ. "తాగినదాన్ని. నా నెత్తురే మీ కాడ సాక్ష్యం ఉన్నది."

"నేను గూడ కడిగిన."

"నాది గూడ రాయి సారు."

మీటింగుకు రానివాళ్లు కూడా మెట్లెక్కారు. సూది మచ్చ భయమన్నామె అందరికన్నా ముందు నిలబడింది. మహేశ్వరిని, ఎల్లేష్‌ను లోపలి గదికి పంపి తలుపు వేశారు. తలుపు అవతల పేర్లు వినపడుతూనే ఉన్నాయి. ఒక్కో పేరు, ఆ వెంటనే ఎన్నేళ్లుగా షెడ్డులో పనో.

మధ్యాహ్నం దాటేసరికి రాసే కాగితాలు అయిపోయాయని, ఇక పొమ్మని కానిస్టేబులు చెప్పాడు. డానియేలు రోడ్డు దాటి దుకాణానికి పోయి తెల్లకాగితాల దస్తా కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టాడు.

"రాయండి సారు. ఇది ఉప్పుగూడనే. డ్రమ్ములు కొన్న మాదన్నపేటోళ్లు ఇంకా తొవ్వల ఉన్నరు."